పొలుసు కొలిచి వంశం చెప్పడం: తిరుపతి నుంచి స్ప్రూస్ ప్రాజెక్టు డైరీ

1వ వారం: ఏం తేల్చాలి, ఏం కొలవాలి

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా లోతట్టులోనూ అల్బర్టా వైపు రాకీ కొండల వాలుల్లోనూ రెండు స్ప్రూస్ (చలి ప్రాంతాల్లో పెరిగే సూది ఆకుల చెట్టు) జాతులు ఒకదాని హద్దులోకి ఇంకొకటి వస్తాయి. కింద తెల్ల స్ప్రూస్, అంటే పిసియా గ్లౌకా. పైన ఎంగెల్మాన్ స్ప్రూస్, అంటే పిసియా ఎంగెల్మాని. మధ్య ఎత్తుల్లో ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి పడుతుంది, అలా పుట్టిన చెట్లు మళ్లీ మామూలుగానే విత్తనం కడతాయి. అందుకే అక్కడి ఫారెస్టు వాళ్లు ఈ తగువు తెగేది కాదని రెంటినీ, మధ్యవాటినీ కలిపి ‘ఇంటీరియర్ స్ప్రూస్’ అని ఒకే పేరుతో సరిపెట్టుకున్నారు. మాకు కావలసింది ఆ ఒక్క పేరు కాదు. ఒక చెట్టు ఇస్తే అది రెండు కొసల (ఇటు శుద్ధమైన తెల్లది, అటు శుద్ధమైన ఎంగెల్మాన్) మధ్య ఎక్కడ నిలబడుతుందో ఒక అంకె, ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో ఇంకో అంకె.

తిరుపతిలో స్ప్రూస్ లేదు. మన దేశంలో ఉన్నవి హిమాలయాలవే: పడమట పిసియా స్మితియానా, తూర్పున పిసియా స్పిన్యులోసా. కోన్లు (పొలుసుల మధ్య విత్తనాలుండే స్ప్రూస్ కాయల్లాంటివి) పార్శిల్‌లో తెప్పించుకుందామంటే అది విత్తనమున్న సరుకు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇంపోర్టు పర్మిట్టు, అవతలి దేశం నుంచి ఫైటోశానిటరీ (చీడపీడలు లేవనే) సర్టిఫికెట్టు ఉండాలి. ఈ సైజు పనికి అంత తతంగం దండగ. హెర్బేరియం షీట్ల (ఎండబెట్టి కాగితం మీద అతికించి దాచిన మొక్కల నమూనాల) ఫొటోలు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఫొటోలతోనే మొదలు.

కొలవాల్సిన అసలు వస్తువు కోన్ పొలుసు. తెల్ల స్ప్రూస్ పొలుసు విసనకర్రలా ఉంటుంది. వెడల్పంతా కొసకు దగ్గర్లో, అంచు నున్నగా గుండ్రంగా. ఎంగెల్మాన్ పొలుసు డైమండు ఆకారం. వెడల్పు నడిమికి కాస్త పైన, అక్కడి నుంచి కొస సన్నగా సాగి, ఎలుక కొరికిన కాగితం అంచులా పళ్లు పళ్లుగా ఉంటుంది. పల్చగా ఉండి వంగుతుంది కూడా. పొలుసు లోపలి వైపు రెక్కలున్న రెండు విత్తనాలు పక్కపక్కన పడుకుని ఉంటాయి. అవి ఎగిరిపోయాక రెక్కల ముద్ర మిగిలిపోతుంది. ఆ ముద్ర పై అంచు నుంచి పొలుసు కొస దాకా ఉన్న దూరాన్ని ఇక్కడ ‘ఖాళీ కొస’ అంటున్నాం. తెల్లదానిలో అది 0.5 నుంచి 3 మి.మీ., ఎంగెల్మాన్‌లో 3 నుంచి 8 మి.మీ. రెంటినీ విడదీసే లక్షణాల్లో ఇంతకంటే నికరమైనది ఇంకోటి లేదు.

మిగతావి సాయానికి. సూది ఆకు పొడవు తెల్లదానిలో ఎక్కువగా 1.5–2 సెం.మీ., ఎంగెల్మాన్‌లో 1.6–3 సెం.మీ. ఇంతగా ఒకదాని మీద ఒకటి పడ్డ కొలత ఒంటరిగా ఎందుకూ కొరగాదు. లేత కొమ్మ తెల్లదానిలో నున్నన, ఎంగెల్మాన్‌లో సన్నటి నూగు. తెల్ల స్ప్రూస్ సూదులు నలిపితే వచ్చే కంపు వల్ల దానికి ‘క్యాట్ స్ప్రూస్’ అని ముద్దుపేరు. ఫొటోలో దానికి దారి లేదు.

2వ వారం: షీట్లు దించడం, లేబుళ్లు కడగడం

జీబిఫ్ (జీవజాతుల రికార్డులు ఉచితంగా ఇచ్చే అంతర్జాతీయ వెబ్‌సైటు) నుంచి డార్విన్ కోర్ అనే ప్రామాణిక రూపంలో దించుకుంటే జిప్ ఫైలులో రెండు ముఖ్యమైన పట్టికలు వస్తాయి: ఒకటి అకరెన్స్, ఒకటి మల్టీమీడియా. రెంటినీ జీబిఫ్ ఐడీతో కలపాలి. ఫొటోలు జీబిఫ్ దగ్గర ఉండవు, ఆయా సంస్థల సర్వర్లలో ఉంటాయి. లింకు తెరవగానే వచ్చేది చాలాసార్లు చిన్న బొమ్మ, పూర్తి సైజుది వేరే చోట ఉంటుంది. మొదటి విడతలో దీన్ని చూసుకోకుండా దించేసి, మళ్లీ మొదటి నుంచి దించాల్సి వచ్చింది. లెక్క సులభం: 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఫొటోలో 1 మి.మీ.కి 11.8 పిక్సెళ్లు, 72 డీపీఐలో 2.8. అర మిల్లీమీటరు తేడా పట్టాల్సిన చోట ఒకటిన్నర పిక్సెలుతో ఏం కొలుస్తాం?

లేబుళ్లలో తగిలిన చిక్కులు, తగిలిన వరసలోనే.

పేర్లు: పాత షీట్ల మీద తెల్ల స్ప్రూస్ పిసియా కెనడెన్సిస్ అనీ, పిసియా ఆల్బా అనీ ఉంటుంది. ఎంగెల్మాన్‌ను గ్లౌకాలో ఉపజాతిగా రాసినవీ ఉన్నాయి. పర్యాయ పేర్ల పట్టిక చేసుకోకుండా వెతికితే పాత షీట్లన్నీ జారిపోతాయి.

ఎత్తు: పాత సేకరణల్లో ఎత్తు అడుగుల్లో ఉంటుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 4,500 అడుగులు 4,500 మీటర్లయి కూర్చుంటాయి. కెనడా రాకీల్లో అన్నింటికన్నా ఎత్తైన రాబ్సన్ శిఖరమే 3,954 మీటర్లు. శిఖరానికి అర కిలోమీటరు పైన గాల్లో చెట్టు మొలవదు గదా. ఇలాంటివి సులభంగానే దొరుకుతాయి. 2,400 అడుగులు 2,400 మీటర్లయినవే ప్రమాదం, ఎందుకంటే ఆ ఎత్తులో ఎంగెల్మాన్ ఉండే వీలుంది. లేబుల్ ఫొటోను కంటితో చదవడం తప్ప వేరే మార్గం లేదు.

నకళ్లు: సేకరించిన వాళ్లు ఒకే చెట్టు కొమ్మలను నాలుగైదు హెర్బేరియంలకు పంచుతారు. జీబిఫ్‌లో అవి నాలుగైదు రికార్డులు. సేకర్త పేరు, సేకరణ నంబరు, తేదీ మూడూ కలిస్తే ఒకే చెట్టుగా లెక్కవేశాం. ఇది చేయకపోతే అదే చెట్టు మోడల్‌కు (కొలతలు చూసి జాతి చెప్పడం నేర్చుకునే కంప్యూటర్ లెక్కకు) నేర్పే గుంపులోనూ పరీక్షించే గుంపులోనూ పడుతుంది. మోడల్ మార్కులు వంద చూపిస్తాయి, అదంతా కాపీ కొట్టి తెచ్చుకున్న వంద.

అన్నింటికన్నా పెద్ద చిక్కు లేబుల్ మీది జాతి పేరే. రెండు జాతులూ కలిసే ప్రాంతంలో ఆ పేరు ఎలా వచ్చింది? చాలాసార్లు ఎత్తును బట్టి. పైన దొరికితే ఎంగెల్మాన్, కింద దొరికితే తెల్లది. ఇప్పుడు ఆ పేరునే సరైన జవాబుగా పెట్టి, ఎత్తును కూడా ఒక లక్షణంగా మోడల్‌కు ఇస్తే అది చెట్టును నేర్చుకోదు, లేబుల్ రాసినాయన అలవాటును నేర్చుకుంటుంది. అందుకని రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు మోడల్‌లోకి పోకూడదు. కలిసే ప్రాంతంలోని షీట్ల మీది పేర్లు చదవనే కూడదు.

మరి కొసలు ఎక్కడి నుంచి? పేరును బట్టి కాదు, ఊరిని బట్టి. తెల్ల స్ప్రూస్ కొసకు క్వెబెక్, ఒంటారియో, దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్. అక్కడ ఎంగెల్మాన్ లేదు. ఎంగెల్మాన్ కొసకు కొలరాడో, యూటా, న్యూ మెక్సికో. అక్కడ తెల్లది లేదు. అయితే కొలరాడోలో బ్లూ స్ప్రూస్, అంటే పిసియా పంజెన్స్ ఉంది, దాంతో తికమక పడ్డ షీట్లు ఉంటాయి. దాని కోన్ 6 నుంచి 11 సెం.మీ., ఎంగెల్మాన్‌ది ఎక్కువగా 3 నుంచి 7. ఆ మూడు రాష్ట్రాల నుంచి 6 సెం.మీ. దాటిన కోన్లున్న షీట్లన్నీ పక్కన పెట్టేశాం. అలా కోసిన గుంపులో కోన్ పొడవు ఇక నిజం చెప్పదు కాబట్టి కోన్ పొడవును లక్షణాల జాబితాలోంచి తీసేశాం.

దూరం నుంచి కొసలు తెచ్చుకోవడంలో ఒక లోపం ఉంది, దాచేదేం లేదు. క్వెబెక్ తెల్ల స్ప్రూస్, అల్బర్టా తెల్ల స్ప్రూస్ అచ్చంగా ఒకేలా ఉండాలని లేదు. జాతి తేడా, ఊరి తేడా రెండూ ఒకే అంకెలో కలిసిపోతాయి. అయినా తప్పుడు పేర్ల కన్నా ఈ లోపమే నయం.

3వ వారం: కొలత మీద కొలత

పని ఫిజీలో, అంటే ఫొటోల్లో దూరాలు కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో. షీటు అడుగున ఉన్న స్కేలు మీద 5 సెం.మీ. గీత గీసి, అనలైజ్ మెనూలో సెట్ స్కేల్. ‘గ్లోబల్’ టిక్కు పెట్టొద్దు. పెడితే మొదటి ఫొటో స్కేలే తర్వాతి ఫొటోలన్నింటికీ అంటుకుంటుంది. ఈ తప్పు ఒక పూట పనిని మింగేసింది. గీసిన ప్రతి గీతనూ ఆర్ఓఐ మేనేజర్‌లో దాచాలి, లేకపోతే తర్వాత అనుమానం వచ్చినప్పుడు ఏ రెండు చుక్కల మధ్య కొలిచామో తెలియదు.

స్కేలు కాగితం మీద ఉంటుంది, కోన్ కాగితానికి పైకి ఉంటుంది. కెమెరా 60 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. 2 సెం.మీ. పైకున్న పొలుసు 60ని 58తో భాగించినంత, అంటే 3.4 శాతం పెద్దగా కనిపిస్తుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఫొటోల్లో ఈ బాధ ఇంకోలా ఉంటుంది. కెమెరా ఎత్తు లేబుల్ మీద రాయరు కాబట్టి దిద్దుకోవడానికి వీల్లేదు. మందు ఒక్కటే: మిల్లీమీటర్లు వదిలి నిష్పత్తులు పట్టుకోవడం. ఖాళీ కొసను అదే పొలుసు మొత్తం పొడవుతో భాగిస్తే రెండూ ఒకే ఎత్తున ఉన్నవి కాబట్టి పొరపాటు చాలావరకు కొట్టుకుపోతుంది. పొలుసు 14 మి.మీ., ఖాళీ కొస 4 మి.మీ. అయితే 28.6 శాతం.

చేతికి అలవాటు కావడానికి ఇక్కడి సరుకు దొరికింది: రోడ్డు పక్క ఎర్రచందనం చెట్ల కింద రాలిన కాయలు. నడుమ ఉబ్బెత్తుగా గింజ, చుట్టూ అప్పడంలా పల్చటి రెక్క. గింజ ఉబ్బు ముగిసే చోటు నుంచి రెక్క అంచు దాకా కొలవడం, రెక్క ముద్ర నుంచి పొలుసు కొస దాకా కొలవడం ఒకే రకం పని. రెండిట్లోనూ ఒక కొస స్పష్టం, ఇంకో కొస మసక. ఇరవై కాయలకు నంబర్లు వేసి, డిజిటల్ వెర్నియర్‌తో ఒకసారి, ఫొటో తీసి ఫిజీలో ఒకసారి, వారం ఆగి ఇంకొకరి చేత మళ్లీ ఫిజీలో ఒకసారి. మొత్తం కాయ వ్యాసంలో మూడు కొలతలకూ తేడా దాదాపు లేదు. గింజ అంచు దగ్గరే ఒకరి గీత లోపలికి, ఒకరిది బయటికి. ఉబ్బు మొదలయ్యే చోటా, నీడ ముగిసే చోటా? ఫొటోలో వెలుగు ఒక పక్క నుంచి పడితే ఆ పక్క అంచు జరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడే రాసుకున్న నియమం: నీడను నమ్మొద్దు, రంగు మారే గీతను నమ్ము. అది కనిపించకపోతే ఆ కొలత ఖాళీగా వదిలేయ్.

4, 5 వారాలు: పొలుసులు

ఒక్కో చెట్టుకు కోన్ నడిమి మూడో వంతు నుంచే పొలుసులు. మొదట్లో, కొసలో ఉన్నవి చిన్నవి, వంకరవి, వాటిలో విత్తనం కూడా సరిగా పట్టదు. వీలైతే కోన్‌కు 5 పొలుసులు, చెట్టుకు 2 కోన్లు. ఒకే చెట్టు పది పొలుసులు పది చెట్లు కావు. సగటు తీసి చెట్టుకు ఒకే వరస ఉంచాం.

అసలు ఇబ్బంది ఇక్కడ బయటపడింది. “అన్నా, కోన్ మూసుకుని ఉంటే రెక్క ముద్ర ఎక్కడ కనపడుతుంది?” అని కొలిచే కుర్రాడు అడిగాడు. కనపడదు. ముద్ర ఉండేది పొలుసు లోపలి వైపు. మనకు ఫొటోలో కనిపించేది బయటి వైపు. తడి తగిలితే కోన్ ముడుచుకుంటుంది, ఆరితే విచ్చుకుంటుంది. పండక ముందే కోసిన కోన్ ఆరినా సరిగా విచ్చుకోదు. కాబట్టి అన్నింటికన్నా మంచి లక్షణం విచ్చుకున్న కోన్ల మీద, లేదా రాలిన పొలుసులు లోపలి వైపు పైకి పెట్టి అతికించిన షీట్ల మీద మాత్రమే కొలవగలం. రాలిన పొలుసులు చాలా షీట్లలో మూలనున్న కవరులో ఉంటాయి, ఫొటోలో ఆ కవరు మూసే ఉంటుంది. దీంతో సగానికి పైగా షీట్లు ఖాళీ కొస లేనివిగా మిగిలాయి.

వాటికి ప్రత్యామ్నాయంగా బయటి నుంచి కనిపించేవి రెండు. ఒకటి, కొస ఎంత మొనదేలిందో: పక్క పొలుసు కప్పని భాగంలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి. రెండు, అంచు గరుకు: అంచు వెంట గీసిన గీత పొడవును, కొస చుట్టూ దారం బిగించినట్టు గీసిన గీత పొడవుతో భాగించడం. నున్నటి అంచుకు 1 దగ్గర వస్తుంది, చిరుగుల అంచుకు అంతకన్నా ఎక్కువ. ఈ రెండో కొలత పిక్సెళ్ల మీద ఆధారపడుతుంది, జూమ్ పెంచే కొద్దీ అంచు పొడుగవుతుంది. అందుకే అన్ని ఫొటోలనూ ముందు 1 మి.మీ.కి 10 పిక్సెళ్లకు దించి, అప్పుడే కొలిచాం. పురుగు తిన్న అంచును పళ్లనుకోవడం ఇంకో పొరపాటు. పురుగు తిన్న చోటు అర్ధచంద్రంలా నున్నగా తెగి ఉంటుంది, సహజమైన పళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి.

ఎంగెల్మాన్ పొలుసు వంగి ఉంటుంది గనక కొస మన వైపుకో అవతలికో తిరిగి, ఫొటోలో పొట్టిగా కనిపిస్తుంది. నిష్పత్తి కూడా దీన్ని దిద్దలేదు, ఎందుకంటే పొట్టి అయ్యేది కొస ఒక్కటే, మొత్తం కాదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు: ఎంగెల్మాన్ చెట్లు తెల్లవాటి వైపు జరిగినట్టు కనిపిస్తాయి. కొస పక్కకు తిరిగిన పొలుసులు కొలవకపోవడమే మేలు.

కొమ్మ నూగు ఈ ఫొటోల్లో కనిపించదు. మొదటి పట్టికలో కనిపించని చోటల్లా సున్నా పడింది. సున్నా అంటే ‘నూగు లేదు’, అంటే తెల్ల స్ప్రూస్ గుర్తు. ఒక్క అలవాటు పొరపాటుతో సగం చెట్లు తెల్లవాటి వైపు మొగ్గాయి. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ గడులన్నీ ఎన్ఏ (అంటే ‘తెలియదు’) చేసి, చివరికి ఆ నిలువు వరసే తీసేశాం.

6వ వారం: మోడల్ చెప్పిన అబద్ధం

చెట్టు రెండు కొసల మధ్య ఎక్కడుందో చెప్పే అంకెను సూచిక అందాం, దాని లెక్క చిన్నదే. తెల్ల కొస సగటుకు 0, ఎంగెల్మాన్ కొస సగటుకు 1. లెక్క అర్థం కావడానికి పైన చెప్పిన హద్దుల నడిమి విలువలు తీసుకుందాం: తెల్లదానికి 1.75 మి.మీ., ఎంగెల్మాన్‌కు 5.5. ఒక చెట్టు ఖాళీ కొస 4 అయితే 2.25ను 3.75తో భాగిస్తే 0.60. కొలతలో అర మిల్లీమీటరు తప్పు జరిగితే ఈ అంకె 0.13 అటో ఇటో జరుగుతుంది.

దీని తర్వాత ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మాస్ ప్యాకేజీతో ఎల్‌డీఏ (కొలతలను బట్టి ఏ గుంపుదో తేల్చే గణాంక విశ్లేషణ) నడిపాం. కలిసే ప్రాంతంలో హైబ్రిడ్లే లేవన్నట్టు వచ్చింది! చెట్లలో ఎక్కువ భాగం 98 శాతం అదో, 97 శాతం ఇదో. తప్పు ఎల్‌డీఏది కాదు, అది ఇచ్చే శాతాన్ని వంశంలో వాటాగా చదవడంలో ఉంది. రెండు కొసల మధ్య దూరం 4 ప్రామాణిక విచలనాలు (ఒకే గుంపులో చెట్టుకు చెట్టుకు మామూలుగా ఉండే తేడాకు నాలుగింతలు) అనుకుందాం. సూచికలో 0.75 దగ్గరున్న చెట్టుకు లాగ్ ఆడ్స్ (అటా ఇటా అనే మొగ్గును చెప్పే అంకె) 16 ఇంటూ 0.25, అంటే 4; ఆ 16 దూరం 4కు వర్గం, 0.25 నడిమి 0.5 నుంచి దూరం. సంభావ్యతలోకి మారిస్తే 98.2 శాతం ఎంగెల్మాన్. ముప్పావు ఎంగెల్మాన్, పావు తెల్లది అయిన చెట్టును మోడల్ దాదాపు శుద్ధమైనదిగా ముద్ర కొడుతోంది. 0.60 దగ్గరున్నదానికి కూడా 83 శాతం. ‘ఇది రెంటిలో ఒకటే, ఏది?’ అని అడిగితే అది అలాగే చెబుతుంది. మనం అడగాల్సిన ప్రశ్న అది కాదు.

ఎల్‌డీఏ వదిలేసి సూచికలో 0.25 నుంచి 0.75 వరకు హైబ్రిడ్ అని గీత గీస్తే? అదే 4 విచలనాల దూరంలో ఒక విచలనం అంటే సూచికలో 0.25. శుద్ధమైన తెల్ల చెట్లలోనే దాదాపు 16 శాతం ఆ గీత దాటి హైబ్రిడ్ల గుంపులో పడతాయి, అటు ఎంగెల్మాన్‌లో ఇంకో 16. ఒకే లక్షణంతో గీత గీసి ‘ఇన్ని హైబ్రిడ్లు దొరికాయి’ అనే లెక్కను నమ్మకపోవడానికి ఇది చాలు. లక్షణాలు కలిపితే మెరుగవుతుంది గానీ అనుకున్నంత కాదు. మూడు లక్షణాలకు తమలో తాము 0.5 సహసంబంధం ఉంటే వాటి సగటుకు ఉండే విచలనం 0.25 నుంచి 0.20కే దిగుతుంది. ఏ సంబంధమూ లేకపోతే 0.14 అయ్యేది. మొనదేలిన కొస, పొడవైన ఖాళీ కొస ఒకే పొలుసువి, అవి కలిసే నడుస్తాయి. అంచు గరుకు వాటికి కాస్త దూరంగా నడుస్తుంది, దాని విలువ అందులోనే ఉంది.

ఇక్కడో పక్క మాట. 1936లో ఫిషర్ ఈ విశ్లేషణకు వాడిన ఐరిస్ పూల కొలతల పట్టిక ఎడ్గర్ ఆండర్సన్‌ది. హైబ్రిడ్ సూచికను వృక్షశాస్త్రంలోకి తెచ్చిందీ ఆయనే. అదే ఏడాది వచ్చిన మహలనోబిస్ దూరానికి మూలం కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతల మీద మహలనోబిస్ 1920లలో చేసిన పని. ఫిషర్ రెండు గుంపుల లెక్కను 1948లో చాలా గుంపులకు విస్తరించింది సి.ఆర్.రావు, మన ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి కలకత్తా వెళ్లినాయన. ఈ పనిముట్లలో చాలావాటి పుట్టుక మిశ్రమాల చిక్కులోనే ఉంది, వాటిని గళ్లపెట్టెలా వాడేది మనమే.

7వ వారం: తిరగరాత

జాతి పేరు ఉన్న నిలువు వరస ఇప్పుడు పట్టికలో లేదు. ప్రతి చెట్టుకు సూచిక, దాని దిగువ హద్దు, ఎగువ హద్దు. హద్దుల కోసం ఆ చెట్టు పొలుసులను తిరిగి తిరిగి ఎంచుతూ వెయ్యిసార్లు బూట్‌స్ట్రాప్. రెండే పొలుసులున్న చెట్టుకు హద్దుల మధ్య ఎడం సహజంగానే ఉండాల్సిన దానికన్నా తక్కువగా వస్తుంది, అందుకని నాలుగు కన్నా తక్కువుంటే సూచిక ఇవ్వలేదు. పక్కన పెట్టిన ఎత్తును ఇప్పుడు బయటికి తీసి, సూచికకు ఎదురుగా గీశాం. మోడల్‌కు చూపని విషయం కాబట్టి ఇది నిజమైన పరీక్ష. సూచిక ఎత్తుతో పాటు పెరుగుతోంది. మెట్టులా కాదు, ఏటవాలుగా. మధ్యలో ఖాళీ లేదు. సూచికలు తేలాకే లేబుళ్ల మీది పేర్లు చదివాం: ఎంగెల్మాన్ అని, గ్లౌకా అని లేబుల్ ఉన్న షీట్లు ఆ మధ్య భాగంలో కలగాపులగంగా ఉన్నాయి.

0.5 వచ్చిన చెట్టు మొదటి తరం హైబ్రిడ్ అని మాత్రం చెప్పలేం. మొదటి తరమైనా, ఇరవయ్యో తరమైనా పొలుసు అదే సగం ఆకారంలో ఉండొచ్చు. ఆ తేడా డీఎన్ఏకే తెలుస్తుంది. రెండు జాతులనూ విడదీసే గుర్తులన్నింటి దగ్గరా ఒక ప్రతి ఇటుది, ఒక ప్రతి అటుది ఉంటే మొదటి తరం. సూచిక 0.5, మిశ్రమ స్థానాల వాటా 1. రెండో తరంలో సూచిక సగటున 0.5 దగ్గరే, మిశ్రమ వాటా మాత్రం సగానికి దిగుతుంది. మొదటి తరం చెట్టు తెల్లదానితో మళ్లీ కలిస్తే సూచిక సగటున 0.25, మిశ్రమ వాటా 0.5. స్ప్రూస్‌లో క్లోరోప్లాస్టు తండ్రి నుంచి, మైటోకాండ్రియా తల్లి నుంచి వస్తాయి, కాబట్టి ఎవరి పుప్పొడి ఎటు పోయిందో కూడా పట్టొచ్చు. కానీ స్ప్రూస్ జన్యురాశి దాదాపు 2,000 కోట్ల బేసులు, మనిషిదానికి ఆరింతలకు పైనే. మొత్తం చదవడం మా సైజు పని కాదు, ఎంచుకున్న గుర్తులతోనే ఎవరైనా చేసేది.

8వ వారం: చేతిలో ఉన్న పని

మూసిన కవర్లలోని పొలుసుల ఫొటోల కోసం హెర్బేరియంలకు పంపే అభ్యర్థనలో రాసినవి ఇవి. కవరులోంచి విరగని పొలుసులు ఐదు, లోపలి వైపు పైకి. కొస వంగి ఉంటే నొక్కొద్దు, విరుగుతుంది, వంగినట్టే ఉంచి ‘వంగింది’ అని రాస్తే చాలు. స్కేలు పొలుసు పక్కనే, అదే మట్టంలో. కెమెరా వద్దు, ఫ్లాట్‌బెడ్ మీద 600 డీపీఐ, టిఫ్ ఫైలు. వెనక నల్ల కాగితం వద్దు, పొలుసు అంచు గోధుమ రంగు కాబట్టి లేత నీలం కాగితం. ఫైలు పేరులో బార్‌కోడు.